గోధుమరంగు హైనా వేటాడే జంతువా, కుక్క జాతిదా?

చూడ్డానికి కుక్కలా ఉన్నా హైనాలు పిల్లి, ముంగిసల వైపు చుట్టాలు. ప్రపంచంలో మిగిలినవి నాలుగే జాతులు. మన దగ్గర దుమ్ములగొండి అనేది చారల హైనా. గోధుమరంగు హైనాకు అది దగ్గర బంధువు. దుమ్ము అంటే ఎముకే కాబట్టి ఎముకలు కొరికే గోధుమరంగుదానికీ ఆ పేరు సరిగ్గా అతుకుతుంది.

గోధుమరంగుది దక్షిణాఫ్రికా, బోట్స్వానా, నమీబియా లాంటి చోట్ల ఉంటుంది. సుమారు 40 కిలోలు, మెడ మీద లేత రంగు జూలు. వేటలో నిజానికి అంతంతమాత్రమే. ఎక్కువగా చచ్చినవాటిని తిని బతుకుతుంది. కలహారి ఎడారిలో నీళ్ళు లేనప్పుడు త్సమ్మా పుచ్చకాయలు తిని దాహం తీర్చుకుంటుంది. నమీబియా తీరంలో మాత్రం సీల్ పిల్లల్ని బాగానే పడుతుంది.

సింహం, మచ్చల హైనా వస్తే తప్పుకుంటుంది. చిరుతపులి దగ్గర మాత్రం వెనకాడదు, దాని వేటనే లాక్కున్న సందర్భాలున్నాయి!

గుంపుగా బతికినా తిండికి ఒంటరిగానే తిరుగుతుంది. దారిలో గడ్డిపోచలకు తోక కింది గ్రంథి నుంచి తెల్లటి, నల్లటి జిగురు రెండూ పూస్తుంది. తెల్లదాని వాసన చాలా రోజులుంటుంది, నల్లది త్వరగా పోతుంది.

మొత్తం 10,000 లోపే ఉంటాయని అంచనా. పశువులు చస్తే రైతుల కోపం ముందు దీని మీదకే మళ్ళుతుంది.