మంత్రగత్తె వారం పేజీ: మీ ప్రశ్నలు, నా జవాబులు

(ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తీరాన, బ్యూడ్ అనే ఊళ్లో ఉంటూ పిల్లల పుస్తకాలకు లైనో అనే మెత్తని పలక మీద అచ్చుబొమ్మలు చెక్కే తెలుగు చిత్రకారిణి ఈ శీర్షిక నిర్వహిస్తున్నారు. ఆధునిక మంత్రవిద్య ఆమె సాధన.)

ప్రశ్న: అక్కా, ప్రతి ఆదివారం రాత్రి ఒక పేజీ రాస్తానని పోయిన సంచికలో చెప్పారు. అందులో ఏం రాస్తారు? డైరీకీ దానికీ తేడా ఏమిటి? మంత్రం వేస్తే బొమ్మ బాగా వస్తుందా?
– చిత్రకళ విద్యార్థిని, విజయవాడ

జవాబు: బొమ్మ బాగా రావడం చేతిలో ఉంది, అభ్యాసంలో ఉంది. ఆ పని మంత్రం చేయదు. కానీ నన్ను బల్ల దగ్గరికి తీసుకొచ్చేదీ, లేవకుండా కూర్చోబెట్టేదీ మంత్రమే. అందుకే దాన్ని వదలను.

ఆదివారం రాత్రి కొవ్వొత్తి వెలిగించి, టారో కార్డులు (జోస్యానికి వాడే బొమ్మల కార్డులు) కలిపి ఒకటి తీస్తాను. రాబోయే వారం ఎలా ఉంటుందని దాన్ని అడగను. గడిచిన వారంలో దేన్ని చూసీ చూడనట్టు వదిలేశానని అడుగుతాను. మొన్న ‘పెంటకిల్స్ ఎనిమిది’ (నక్షత్రం బిళ్లలు ఎనిమిది ఉన్న కార్డు) వచ్చింది. అందులో ఒక కుర్రాడు బల్ల మీద కూర్చుని, సుత్తీ ఉలీ పట్టుకుని బిళ్ల మీద నక్షత్రం చెక్కుతుంటాడు. చెక్కేసినవి పక్కన కొయ్యకు వేలాడుతుంటాయి. ఊరు ఎక్కడో దూరంగా ఉంటుంది. ఆ కార్డు ముందు పెట్టుకుని రాసిన పేజీలో సగం నారాయణ పక్షి గురించే. ఇప్పుడు చెక్కుతున్న పుస్తకంలో అది ఉంది. నీళ్లలో అది నిలబడే తీరు ఫొటోల్లో నాకు అందడం లేదని, వెళ్లి చూడాలని రాసుకున్నాను. సోమవారం పొద్దున్నే బ్యూడ్ కాలువ గట్టుకు వెళ్లాను. మెడను భుజాల్లోకి ముడుచుకుని, ఒంటికాలి మీద, గాలికి ఈకలు లేస్తున్నా కదలకుండా నిలబడి ఉంది. ఆ భుజాల బరువు ఏ ఫొటోలోనూ లేదు. డైరీ అయితే జరిగింది రాసి ఊరుకుంటుంది. ఈ పేజీ నాకు పని పురమాయిస్తుంది.

ఆ కార్డులు గీసినావిడ గురించి మీకు తప్పకుండా చెప్పాలి, మీరు బొమ్మలు నేర్చుకుంటున్నారు కాబట్టి. ఆమె పేరు పమేలా కోల్మన్ స్మిత్. 1909లో మొత్తం 78 కార్డుల టారో ఆమె చేతి మీదుగా వచ్చింది. అంతకుముందు చాలా టారోల్లో ఒకటి నుంచి పది దాకా అంకెలున్న చిన్న కార్డుల మీద కత్తులో గిన్నెలో లెక్క ప్రకారం పేర్చి ఉండేవి, అంతే. ఆమె దాదాపు ప్రతి కార్డులోనూ మనుషులను, ఆకాశాన్ని, ఒక కథను పెట్టింది. అయినా లోకం ఆ కార్డులను చాలాకాలం ప్రచురణకర్త రైడర్, రచయిత వెయిట్‌ల పేర్లతోనే పిలిచింది. ఆమె 1951లో మా ఊళ్లోనే, అప్పులతో చనిపోయింది. కార్డు మూలన పాములా మెలితిరిగిన ఆమె సంతకం ఉంటుంది. కార్డు తీసిన ప్రతిసారీ ముందు దాన్ని చూస్తాను. మీరు గీసిన ప్రతి బొమ్మ మీదా సంతకం పెట్టండి, అచ్చులో మీ పేరు వేయమని అడగండి.

పేజీ చివర ఒక ముద్ర గీస్తాను. ఈ పద్ధతి లండన్ చిత్రకారుడు ఆస్టిన్ ఉస్మాన్ స్పేర్ (1886–1956) నుంచి వచ్చింది. కోరికను వాక్యంగా రాయాలి, మళ్లీ మళ్లీ వచ్చిన అక్షరాలు కొట్టేయాలి, మిగిలినవాటిని ఒకే గుర్తుగా అల్లాలి. నేను తెలుగులోనే చేస్తాను. ‘ఈ నెల బొమ్మలు పూర్తి చేస్తాను’ అని రాసి, గుణింతాలు తీసేసి, ఒత్తులను మామూలు అక్షరాలుగా విప్పితే చివరికి ఈ, న, ల, బ, మ, ప, ర, త, చ, స మిగులుతాయి. వీటిలో ఏడింటికి తలకట్టు ఉంది. ఆ ఏడింటినీ ఒకే తలకట్టు కిందికి చేర్చి, తలకట్టు లేని ల, బలను రెండు పక్కలా చేతుల్లా చాపి, ‘ఈ’ని మధ్యలో కూర్చోబెడతాను. ఒక్కోసారి గంట పడుతుంది. ఆ గంటసేపు మనసులో వేరే మాట ఉండదు. గీశాక దాన్ని మరిచిపొమ్మన్నాడు స్పేర్. నేను మాత్రం చిన్న లైనో ముక్క మీద చెక్కి బల్లకు అతికిస్తాను. ప్రయత్నించి చూడండి. మన లిపిలోని వంపులకు ఈ పని ఎంత బాగా కుదురుతుందో!

ప్రశ్న: మీ వాళ్లు కొత్త పనులు అమావాస్య నుంచి మొదలుపెడతారని విన్నాను. మన ఇళ్లలో ఆ రోజు ప్రయాణం కూడా పెట్టుకోరు కదా?
– గృహిణి, తెనాలి

జవాబు: చంద్రుడు పెరిగే పక్షంలో మొదలుపెట్టాలన్నది ఇక్కడి ఆచారం. కొందరు అమావాస్య రాత్రే సంకల్పం చెప్పుకుంటారు. నేను నెలపొడుపు కనిపించేదాకా ఆగుతాను. మా అమ్మ విదియ చంద్రుడిని చూసి దండం పెట్టుకునేది, నాకు ఆ గడియే నచ్చుతుంది. కార్న్‌వాల్‌లో సగం రోజులు మబ్బే కాబట్టి గోడకు తెలుగు క్యాలెండర్ కూడా ఉంది.

ప్రశ్న: మా ఊళ్లో ఒక పెద్దావిడ చేతబడి చేస్తుందని పుకారు. పక్కింటి పిల్లవాడికి జ్వరం తగ్గకపోతే ఆమె ఇంటి మీదికి వెళ్లారు. మీరేమో మంత్రగత్తెనని గర్వంగా రాసుకుంటున్నారు. ఇది ఆ పుకార్లకు బలం ఇవ్వదా?
– ఉపాధ్యాయుడు, మెదక్ జిల్లా

జవాబు: మాస్టారూ, ఈ ప్రశ్న అడిగినందుకు మీకు నమస్కారం. మీ సందేహం న్యాయమైనదే.

ఆ పేరు నేను కోరి పెట్టుకున్నాను. ఆమెకు దాన్ని అంటగట్టారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 జనాభా లెక్కల్లో సుమారు 74 వేల మంది తాము ప్రకృతిని ఆరాధించే పేగన్లమని, 13 వేల మంది ఆధునిక మంత్రవిద్య మతమైన విక్కాకు చెందినవారమని రాశారు. ప్రభుత్వ కాగితం మీద ధైర్యంగా రాసుకున్న ఆ వేలల్లో నేనూ ఒకదాన్ని. నా ఇంటి మీదికి ఎవరూ రారు. ఆమెకు ఆ భద్రత లేదు.

ఈ దేశంలోనూ ఒకప్పుడు లేదు. 1612లో పెండిల్ ప్రాంతంలో అలిజన్ డివైస్ అనే పేద అమ్మాయి ఒక తిరుగుడు వ్యాపారిని గుండుసూదులు అడిగింది. అతను ఇవ్వలేదు, కాసేపటికి కుప్పకూలాడు. అది పక్షవాతమై ఉంటుందని ఈనాటి చరిత్రకారులంటారు. ఆనాడు ఆ పిల్ల శాపమన్నారు. అక్కడి నుంచి అల్లుకున్న కేసులో పది మందిని ఉరితీశారు. మీ ఊళ్లో జ్వరం, అక్కడ పక్షవాతం.

మా సాధకుల్లో కొందరు అలా చనిపోయినవారిని తమ పూర్వికులుగా చెప్పుకుంటారు. నేను చెప్పుకోను. విక్కా ఇరవయ్యో శతాబ్దపు మతం. మంత్రశక్తి ఉందని చెప్పుకోవడాన్ని నేరంగా చూసిన ఇక్కడి మంత్రవిద్య చట్టం 1951లో రద్దయ్యాక, 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ పుస్తకంతో అది బయటి లోకానికి తెలిసింది. అది ప్రాచీన మతానికి తెగని కొనసాగింపు కాదని చరిత్రకారుడు రొనాల్డ్ హట్టన్ వివరంగా రాశారు. ఉరికంబం ఎక్కినవాళ్లు పొరుగువారి భయానికి బలైన మామూలు మనుషులు. వాళ్ల చావును నా మతానికి అలంకారం చేసుకోవడం నాకు తప్పనిపిస్తుంది.

మీకు నేను చెప్పేదల్లా ఇదీ. సాధకురాలిగానే చెబుతున్నాను, ఒకరి మంత్రంతో ఇంకొకరి బిడ్డకు జ్వరం రాదు. ఈ పేజీ చూపించి ఈ మాట మీ ఊళ్లో చెప్పండి. పిల్లవాడిని ఈ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లేలా చూడండి, పుకారుకు మూలం ఆ జ్వరమే. ఆమెను కొట్టినా బెదిరించినా నేరం కాబట్టి, ఏదో జరిగేదాకా ఆగకుండా 112కి ఫోన్ చేయండి, పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊళ్లకు వచ్చి ‘మహిమల’ గుట్టు చేసి చూపిస్తారు, వాళ్లను పిలిపించండి. ఈలోగా మీరే రోజూ ఒకసారి ఆమె ఇంటికి వెళ్లి, అరుగు మీద అందరికీ కనిపించేలా కూర్చుని, ఆమె చేతి టీ తాగి రండి. ఊరి మాస్టారు తాగుతున్నారంటే పిల్లలు చూస్తారు, పెద్దలూ చూస్తారు.