ఒంటరిగా ఓటేసినవాళ్ల నుంచి ఏం నేర్చుకోవచ్చు?

నమ్మిన మాట మీద నిలబడటం గురించి రాజకీయ నాయకులు మనకేం నేర్పగలరు అన్నది ప్రశ్న. నాకు వెంటనే గుర్తొచ్చే పేరు జీనెట్ రాంకిన్. 1916లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి మహిళ. మొదటి ప్రపంచ యుద్ధంలో దిగొద్దని 1917లో ఓటేసిన 50 మంది ప్రతినిధుల్లో ఆమె ఒకరు. మరుసటి ఏడాది సెనేట్‌కు పోటీపడి ఓడిపోయారు. 1940లో మళ్లీ ప్రతినిధుల సభకు గెలిచారు. పెర్ల్ హార్బర్ దాడి మర్నాడు జపాన్‌పై యుద్ధ ప్రకటనకు ఆ సభలో 388 మంది ఔనంటే, కాదన్నది ఆమె ఒక్కరే. తోటివాళ్లు ఎంత నచ్చజెప్పినా వినలేదు. ఓటింగ్ అయ్యాక జనం వెంటపడితే టెలిఫోన్ బూత్‌లో తలదాచుకోవాల్సి వచ్చింది. 1942లో ఇక పోటీకే దిగలేదు.

ఆ రెండో ఓటు సరైనదని నేననుకోను. గట్టిగా నమ్మినంత మాత్రాన ఏ అభిప్రాయమూ ఒప్పయిపోదు. కానీ మొండితనానికీ నిబద్ధతకీ తేడా ఆమెలో కనిపిస్తుంది. మొండివాడు తన పంతానికి ఎదుటివాళ్లు నష్టపోయినా పట్టించుకోడు. రాంకిన్‌కు మాత్రం తన ఓటుకు ఏం పోతుందో ముందే తెలుసు, ఒకసారి పోగొట్టుకున్నారు కూడా. తెలిసే మళ్లీ వేశారు.

అలాగని ప్రతిసారీ పదవి పోతుందనీ లేదు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత సైనిక బలప్రయోగానికి అనుమతిచ్చే తీర్మానాన్ని ప్రతినిధుల సభలో వ్యతిరేకించింది బార్బరా లీ ఒక్కరే. చంపుతామని బెదిరింపులొచ్చాయి. మరుసటి ఏడాదే ఆమె నియోజకవర్గం ఆమెను మళ్లీ గెలిపించింది.