ఎండ అందరికీ ఒకటే, కోపం మీ మీదే ఎందుకు?

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు విజయవాడ సింగ్‌నగర్‌లోని ఇంటిని ముంచేశాక, సత్యనారాయణపురంలో బావగారి ఇంటి పైవాటాలోకి మారిన ఒకావిడ ఉత్తరం ఇది. అద్దె లేదు. వేసవిలో స్లాబు వేడికి రాత్రుళ్ళు నిద్ర ఉండదు, భర్త అన్నం కంచం విసిరికొడుతున్నారు. ఎండలు పెరిగితే ఇళ్ళలో హింస కూడా పెరుగుతుందని చదివాను, బెంగుళూరు వెళ్ళిపోదామా అని అడిగారు.

మీరు చదివింది నిజమేనమ్మా. భారత్, నేపాల్, పాకిస్తాన్‌లలో 1.9 లక్షల మందికి పైగా ఆడవాళ్ళ వివరాలతో 2023లో ఒక అధ్యయనం వచ్చింది. ఏడాది సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగిన చోట భర్తల చేతిలో హింస సుమారు 4.5 శాతం ఎక్కువగా కనిపించింది. దాన్ని అడ్డం పెట్టుకుని మీ ఆయన్ని వెనకేసుకు రాకండి. మిట్టమధ్యాహ్నం ఆటోనగర్ రేకుల షెడ్డులో లారీ కింద దూరి పనిచేసే మనిషి, అక్కడ ఓనరు మీద స్పానర్ విసరడం లేదుగా?

వరదలో పాపని భుజాన ఎక్కించుకుని మిమ్మల్ని దాటించిన మనిషి ఏమైపోయాడని బాధపడ్డారు. 2017లో అమెరికాలో హార్వీ తుపాను వచ్చినప్పుడు కొత్త జంటలని గమనించారు. తుపాను కాగానే కాపురం మీద తృప్తి పెరిగింది, ఏడాది తిరిగేసరికి మళ్ళీ మామూలే. కాబట్టి దాని గురించి బెంగ వద్దు.

నాకు గుచ్చుకున్నది మీరు చివర్లో రాసిన మాట. బావగారు కిందనుంచి మోటారు ఆపమని కసిరితే ఈయన తలొంచుకుని పైకొస్తారు, గొడవ ఆ రాత్రే అన్నారు. అదీ సంగతి! అన్న దగ్గర మింగిన మాట మీ ముందు కక్కుతున్నారు. కష్టంలో నీడనిచ్చినందుకు ఆయనకి దణ్ణం పెట్టాల్సిందే. అలాగని అక్కడే పాతుకుపోతే మాట పడక తప్పదు, మాట పడే మగాడితో వేగడం పెళ్ళానికి నరకం.

సింగ్‌నగర్ ఇల్లు సొంతమే కదా. బాగుచేయించుకుని వెళ్ళిపోండి. అప్పటిదాకా నెలనెలా అద్దె ఇస్తానని మీ ఆయనే నోరు తెరిచి అన్నగారితో చెప్పాలి. తోడికోడలితో మీరు రాయబారాలు నడపొద్దు. బెంగుళూరు ఊసు ఇక ఎత్తకండి.

ఈలోగా ఆయన చెయ్యెత్తితే మాత్రం ఎండా వద్దు, బావగారూ వద్దు, ఏ సాకూ వినకండి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి, పాపతో మీ అమ్మగారింటికి వెళ్ళిపోండి.