ఇంజినీరింగ్ విద్యార్థికి కమ్యూనికేషన్ స్కిల్స్ అంటే స్పోకెన్ ఇంగ్లీషేనా?

మీరు అడిగింది ఇదీ: బీటెక్ సివిల్ మూడో ఏడాది, పదో తరగతి దాకా తెలుగు మీడియం, కమ్యూనికేషన్ లేకపోతే ఉద్యోగం రాదని అందరూ భయపెడుతున్నారు, స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్‌లో చేరాలా అని. నేనూ తెలుగు మీడియమే. ఇప్పుడు ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ చూస్తున్నాను. కాలేజీ నుంచి కొత్తగా వచ్చినవాళ్లు రాసే రిపోర్టులు, మెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు రోజూ నా దగ్గరికి వస్తుంటాయి. కోచింగ్‌లో చేరితే చేరండి, హెచ్ఆర్ రౌండ్‌లో టెన్షన్ తగ్గుతుంది. కానీ ఉద్యోగంలో చేరాక ఇబ్బంది పెట్టేది ఇంగ్లీష్ కాదు, అసలు విషయాన్ని ఎక్కడ పెట్టాలో తెలియకపోవడం.

మీ బ్రాంచ్ సంగతే చెబుతాను. కాంక్రీట్ పోసేటప్పుడు 150 మి.మీ. క్యూబ్‌లు కూడా పోసి, కొన్నింటిని 7 రోజులకు, కొన్నింటిని 28 రోజులకు మెషిన్‌లో పగలగొట్టి బలం చూస్తాం. ఎం25 గ్రేడ్ కాంక్రీట్ అయితే 28 రోజులకు 25 ఎంపీఏ (మెగాపాస్కల్, బలాన్ని కొలిచే యూనిట్) రావాలి. 7 రోజులకు అందులో సుమారు 65 శాతం, అంటే 16 పైన వస్తే దిగుల్లేదు. ఒకసారి ఒక స్లాబ్‌కి 12 చిల్లర వచ్చింది. కొత్త ఇంజినీర్ పంపిన మెయిల్‌లో ఇంగ్లీష్‌కి వంక పెట్టడానికి లేదు. క్యూబ్‌లు ఎప్పుడు పోశారు, ఏ ఐఎస్ కోడ్ ప్రకారం టెస్ట్ చేశారు, మెషిన్ కాలిబ్రేషన్ ఎప్పుడైంది, అన్నీ ఉన్నాయి. ఆ 12 మాత్రం అటాచ్‌మెంట్‌లో రెండో పేజీ టేబుల్‌లో ఉంది. ప్రాజెక్ట్ మేనేజర్ ఫోన్‌లో నాలుగు లైన్లు చదివి వదిలేశారు. ఆయన్నీ అనలేం, రోజుకు అన్ని మెయిళ్లు వస్తాయి. కూలీలు రాక సెంట్రింగ్ (స్లాబ్ గట్టిపడేదాకా కింద దన్నుగా ఉంచేది) విప్పడం ఒకరోజు వాయిదా పడింది కాబట్టి సరిపోయింది, ఈలోగా టేబుల్ నా కంటపడింది.

అదే ఇలా రాసి ఉంటే?

"సార్, మూడో ఫ్లోర్ స్లాబ్ 7 రోజుల క్యూబ్‌లు తక్కువ వచ్చాయి. మూడింటి సగటు 12.4 ఎంపీఏ, కనీసం 16 రావాలి. రేపు సెంట్రింగ్ విప్పే ప్లాన్ ఉంది. ఆపమని మేస్త్రికి చెప్పనా? 28 రోజుల రిజల్ట్ 19వ తేదీకి వస్తుంది. రిపోర్ట్ జతచేశాను."

దీన్ని ఇంగ్లీష్‌లో రాయడానికి ఇంటర్‌లో చదివిన ఇంగ్లీష్ చాలు. ఏం జరిగింది, ఎంత వచ్చింది, ఎంత రావాలి, దానివల్ల ఏ పని ఆగాలి, మీరేం చెబుతారు అన్న వరుస ముఖ్యం. కాలేజీలో మనకు అలవాటు చేసింది దీనికి తలకిందులు: ఎయిమ్, అపరేటస్, ప్రొసీజర్, చిట్టచివర రిజల్ట్. ల్యాబ్ రికార్డ్‌కి అది నడుస్తుంది, లెక్చరర్‌కి రిజల్ట్ ముందే తెలుసు కదా!

ఇది చిన్న కంపెనీల గొడవే అనుకోకండి. కల్పనా చావ్లా ఉన్న కొలంబియా షటిల్ 2003 జనవరి 16న పైకి లేస్తుండగా, ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కకు తగిలింది. షటిల్ ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజినీర్లు లెక్కలు వేసి నాసాకు స్లైడ్లు చూపించారు. వాటిలో ఒకదాని హెడ్డింగ్ చదివితే పెద్ద ముప్పేమీ లేదనిపిస్తుంది. దాని అట్టడుగు లైన్లో మాత్రం, టెస్టుల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలైతే ఇప్పుడు లెక్కలోకి వచ్చింది 1920 అని ఉంది. 640 రెట్లు! పాత టెస్టులను నమ్ముకోలేమని చెప్పే ఆ అంకె హెడ్డింగ్‌లో ఉండాల్సింది. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ షటిల్ ముక్కలైంది, ఏడుగురూ పోయారు. విచారణ బోర్డు ఆ స్లైడ్‌ను తన నివేదికలో అచ్చువేసి మరీ తప్పుపట్టింది. నేరమంతా స్లైడ్‌దే అనడం లేదు, రెక్క ఫొటోలు కావాలని ఇంజినీర్లు అడిగినా పైవాళ్లు తీయించలేదు.

కాబట్టి మీ ప్రాజెక్ట్ రివ్యూలో స్లైడ్ పైన "రిజల్ట్స్" అని రాయకండి. "20 శాతం ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) కలిపినా 28 రోజుల బలం తగ్గలేదు" అని, మీకు ఏది వచ్చిందో దాన్నే పూర్తి వాక్యంగా రాయండి. గ్రాఫ్ దాని కింద ఉంటే చాలు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న దాని మీదే ఉంటుంది, మీరు సిద్ధంగా ఉన్న ప్రశ్న కూడా అదే. గ్రూప్ డిస్కషన్ గురించి నన్ను అడగకండి, చేరాక దాంతో నాకు ఎప్పుడూ పని పడలేదు.

మాట్లాడటం సంగతికొస్తే, సైట్‌లో ఎక్కువ మాట్లాడేది మేస్త్రితో. "స్లంప్ ఎక్కువైంది" (కాంక్రీట్ మరీ పల్చగా ఉంది) అంటే ఆయన తలూపి తన పని తాను చేసుకుంటాడు. "మేస్త్రిగారూ, నీళ్లు ఎక్కువయ్యాయి, ఈ బండి మాల్ వాడొద్దు" అంటే ఆగుతాడు. బీహార్, ఒడిశా కూలీలు ఎక్కువగా ఉన్నచోట నాలుగు హిందీ ముక్కలు ఇంగ్లీష్ కంటే ముందు అక్కరకొస్తాయి.

ఇంట్లో చేయదగ్గ పని ఒకటుంది. మీ కాంక్రీట్ టెక్నాలజీ ల్యాబ్ రికార్డ్ తీసి, ఒక్కో ప్రయోగానికి పైన చూపినట్టు ఐదు లైన్ల మెసేజ్ రాయండి. మెకానికల్ చదివే ఫ్రెండ్‌కి చూపించండి. "అయితే ఇప్పుడేం చేయాలంటావ్?" అని అతను అడిగితే మళ్లీ రాయండి. స్పెల్లింగులు, గ్రామర్ ఆ తర్వాత ఫోన్‌లో ఏ యాప్ అయినా దిద్దిపెడుతుంది. యూనిట్లు మాత్రం మీరే చూసుకోండి.