9×10 అడుగుల చోటులో ఏ డైనింగ్ టేబుల్ పడుతుంది?

నమస్తే అండీ. చెన్నై వేలచేరి ఫ్లాట్‌లో 9×10 అడుగుల చోటుంది, ఇంట్లో నలుగురం, టేకు కొనాలా షీషమా, ఆరు కుర్చీలు పడతాయా అని అడిగారు.

చెక్క సంగతి తర్వాత. ముందు పాత పేపర్లు 5×3 అడుగుల కొలతలో నేల మీద పరిచి, చుట్టూ కుర్చీలేసి కూర్చుని లేవండి. మనిషికి 2 అడుగుల అంచు, కుర్చీ వెనక 3 అడుగుల ఖాళీ ఉంటే హాయి. మీ 9 అడుగుల వైపు సరిగ్గా సరిపోతుంది. రెండో వైపు ఇరుకే, అందుకని రోజూ నాలుగు కుర్చీలు, చుట్టాలొస్తే చివర్లలో రెండు స్టూళ్లు.

ఇక చెక్క. చెన్నై ఉక్కలో నా ఓటు టేకుకే. అందులో సహజంగా నూనె ఉంటుంది, చెదలు తొందరగా పట్టవు. షీషం కూడా గట్టిదే గానీ, సరిగా ఆరని చెక్కైతే ఏడిపిస్తుంది. మాది ఏసీ హాల్లో పెట్టిన రెండో నెలకే పలకల మధ్య సందు వచ్చింది, పది రూపాయల బిళ్ల నిలబడేంత! పప్పు మెతుకులన్నీ అందులోకే. అందుకే తేమ మీటర్ పెట్టి చూపించమనండి, 12 శాతం చుట్టుపక్కల ఉండాలి.

షోరూమ్ వాళ్లు నవ్వినా సరే, బల్ల కిందికి దూరి చూడండి. పైనున్న చారలు అంచు మీదుగా కిందికి దిగకుండా అక్కడే తెగిపోతే, అది చాలావరకు పైన అతికించిన పల్చటి పొరే. అసలు చెక్క ధర పెట్టి అది కొనొద్దు.