ఊరు ఇచ్చిన డబ్బు అప్పా, చదివింపా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. నాన్న కొబ్బరి దింపు తీస్తారు. నాకు పదిహేనేళ్లప్పుడు బ్యాడ్మింటన్ శిక్షణకు హైదరాబాద్ పంపడానికి ఊరివాళ్లు లక్షా నలభై వేలు పోగుచేశారు. ఇప్పుడు నాకు 22 ఏళ్లు. మోకాలి లిగమెంటుకు రెండుసార్లు ఆపరేషన్ అయింది. ఇక పోటీల్లో ఆడలేనని డాక్టర్లు చెప్పి ఏడాది దాటినా ఇంట్లో ఇవేవీ చెప్పలేదు. టోర్నమెంట్లున్నాయంటూ రెండు సంక్రాంతులకు ఊరెళ్లలేదు. ఎవరెంత ఇచ్చారో మా పీఈటీ మాస్టారు రాసిన నోటు పుస్తకం ఫొటో నా ఫోనులో ఉంది. రాత్రిళ్లు అదే చూస్తూ కూర్చుంటున్నాను. ఏ ముఖం పెట్టుకుని వాళ్లకు కనిపించను?
- ఒక సోదరి

సమాధానం: అమ్మా, మీరు రాత్రిళ్లు చూస్తున్న ఆ పుస్తకాన్ని అప్పుల పద్దుగా చదువుతున్నారు. మీ బాధలో సగం అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. మీ ప్రాంతంలో పెళ్లి పందిట్లో ఒక పెద్దమనిషి ఓ మూల పుస్తకం పట్టుకుని కూర్చుని, ఫలానావారు అయిదువందల పదహార్లు అని పైకి చదువుతూ చదివింపులు రాసుకోవడం మీరు చిన్నప్పటి నుంచీ చూసే ఉంటారు. ఆ జంట కాపురం సజావుగా సాగలేదని ఎవరూ ఆ డబ్బు వెనక్కి అడగరు. కానీ తమ ఇంట్లో శుభకార్యం జరిగినప్పుడు ఆ ఇంటివాళ్లు రాకపోతే మాత్రం తప్పకుండా మనసు కష్టపెట్టుకుంటారు. మీ మాస్టారు రాసిన పుస్తకం కూడా చాలావరకు అలాంటిదే. మీరు పతకం తేలేదన్న లోటు కన్నా రెండు పండుగలకు మీ మొహం కనిపించలేదన్న లోటే మీ వీధిలో ఎక్కువగా ఉండి ఉంటుంది.

చాలావరకు అని ఎందుకన్నానంటే, ఆ మొత్తంలో మీ అమ్మగారు డ్వాక్రా సంఘంలో అప్పుగా తీసుకున్నదో, నాన్నగారు కొబ్బరి వ్యాపారి దగ్గర ముందస్తుగా తెచ్చుకున్నదో ఏమైనా ఉంటే అది నిజంగా అప్పే. ఇంకా ఎంత మిగిలిందో, వాయిదాలు ఎవరు కడుతున్నారో నేరుగా అడిగి తెలుసుకోండి. ఆ భాగాన్ని నెలకు కొంత చొప్పున తీర్చండి. ఒక దింపు కూలి మొత్తం తెచ్చి మీ చేతిలో పెట్టిన మనిషికి మాత్రం దాన్ని నోట్లుగా తిరిగి ఇవ్వబోకండి, చిన్నబుచ్చుకుంటారు.

ఊరి వైపు నుంచీ ఒక పొరపాటు ఉంది. అమలాపురం నుంచి వెళ్లిన సాత్విక్ సాయిరాజ్ 2022లో థామస్ కప్ గెలిచిన భారత జట్టులో ఆడి, 2023లో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాక, కోనసీమలో రాకెట్ పట్టిన పిల్లలను ఆ కొలతతో చూడకుండా ఉండటం పెద్దలకు కష్టమే. అంత ఎత్తుకు చేరేది ఏ ఒకరో ఇద్దరో. పదిహేనేళ్ల పిల్లకు రేవు దగ్గర ఫ్లెక్సీ కట్టే అలవాటు మన ఊళ్లలో ఉంది. అది ప్రేమతో చేసేదే అయినా, ఆ పిల్ల వెనక్కి రావడానికి దారి మూసేస్తుంది. (మీకు కట్టారో లేదో మీరు రాయలేదు. కట్టే ఉంటారని నా అనుమానం.)

అయితే గాయం మీ తప్పు కాకపోయినా, అబద్ధం మీదే. లిగమెంటు ఆపరేషన్ తర్వాత ఒకసారి కోలుకుని ఆటకు తిరిగి రావడానికే తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది, మీరు ఆ యాతన రెండుసార్లు పడ్డారు. ఆ రోజుల్లో మీ అమ్మగారు పక్కన ఉండి చేసుకోవలసిన సేవను మీరే ఆమెకు దక్కకుండా చేశారు. ఆమెకు కోపం వస్తే అందుకే వస్తుంది, దాన్ని పడాలి.

సంక్రాంతికి వెళ్లి చెబుదామని ఆగకండి. కనుమనాటి ప్రభల తీర్థంలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లందరూ ఒక్కసారే పలకరిస్తుంటే మీరు మళ్లీ ఏదో ఒక టోర్నమెంటు పేరు చెప్పి తప్పించుకుంటారు. వచ్చే వారంలోనే ఒక మామూలు రోజు చూసుకుని వెళ్లండి. మొదట ఇంట్లో, ఆ సాయంత్రమే మాస్టారి దగ్గర కూర్చుని చెప్పండి. ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకెళ్లండి. ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగి సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు, మీరు ఏటిగట్టు దాటేలోగా ఊరందరికీ తెలిసిపోతుంది.

ఇక ముందు సంగతి. డిగ్రీ పూర్తి చేసి ఉంటే పాటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్‌లో ఏడాది డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సూ ఉంది. మీ ఆట స్థాయికి ఏది సరిపోతుందో అర్హతలు చూసుకోండి. కోచ్‌గా తిరిగొచ్చి ఊరి రుణం తీర్చుకుంటానని మాత్రం ఇప్పుడే ఎవరికీ మాట ఇవ్వకండి. మీకు నిజంగా ఇష్టం ఉందో లేదో తెలియకముందే మరో ఫ్లెక్సీ సిద్ధమవుతుంది.

నిద్ర పట్టడం లేదనీ మీ మాటల్ని బట్టి తెలుస్తోంది. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఒంటరిగా ఉండకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ రాత్రి అమ్మగారికి ఫోన్ చేయండి. టోర్నమెంటు ఏదీ లేదన్న మాట మొదట చెప్పండి, మోకాలి సంగతి ఆ తర్వాత.