గడప పక్కన చెంబు

నల్లగొండ

బిడ్డా,

అచ్చంపేట నుంచి నువ్వు పంపిన కథ అందింది. కథ ఎట్ల రాయాలె, ఏ పత్రికకు పంపాలె అని అడిగినవు. మాట తీరు మంచిగున్నది. పొగుడుడు అయిపోయింది, ఇగ విను.

'మందు మానేసిన మర్నాటి నుంచి నాయిన కొత్త మనిషి అయిండు' అని రాసినవు. ఆ లైను కాడ కాగితాలు బోర్లేసి బయటికొచ్చి వేపచెట్టు కింద కూసున్న. మర్నాటి నుంచా? ఎవలు చెప్పిన్రు నీకు? నేను 1999ల మానేసిన. మర్నాడు చాయ్ గిలాస పట్టుకుంటే సగం లుంగీ మీదనే ఒలికింది.

నీ కథల నాయిన చెరువు కట్ట మీద సీసా పగలగొట్టి, ఇంటికొచ్చి సుఖంగ పండుకుంటడు. ఏండ్ల తరబడి రోజూ తాగిన మనిషి అట్ల ఒక్కపారి ఆపితే రెండు మూడు రోజులల్ల వణుకు, చెమటలు, ఫిట్స్, లేని మనుషులు కనబడుడు, ఒక్కోపారి పాణమే పోతది. మన దిక్కు మందు కల్లు సంగతి ఇంకా అధ్వానం. దాంట్ల క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం అనే నిద్రమత్తు మందులు కలుపుతరు. మానినోని ఒళ్లు ఆ మందుల కోసం గూడ కొట్టుకుంటది. నన్ను డాక్టర్ అయిదు రోజులు మంచం దిగనియ్యలే, బీ1 విటమిన్ సూదులిచ్చిండు. నీ కథల డాక్టరే లేడు. పెట్టు. సారా కాంట్రాక్టర్‌ను తీసెయ్యి. సారా 1993 అక్టోబర్‌లనే బందయింది, నీ కథల మనుషులేమో సెల్‌ఫోన్లు మాట్లాడుతున్నరు.

అసలు కష్టం ఆ అయిదు రోజుల తర్వాత మొదలయితది. పేగులు. మన కథకులు దాని జోలికి పోరు. గుండె పగులుతది, కండ్లు చెమ్మగిల్లుతయి, మనసు మూగవోతది, కడుపు మాత్రం ఒక్క కథల కదలదు. ఈ నడుమ వస్తున్న కథలల్లనయితే మనుషులకు కడుపే లేదు, ఇంగ్లీషోళ్ల లెక్క ఆడ సీతాకోకచిలుకలు ఎగురుతున్నయి.

నా కడుపు సంగతి చెప్త. పొద్దున చాయ్ గొంతు దిగకముందే ఉరుకుడు. తొమ్మిది కొట్టేసరికి నాలుగు సార్లు. మళ్ల రెండు రోజులు ఏమీ ఉండదు, కడుపు డప్పు లెక్క బిగుసుకుంటది. ములుగర్రతోని ఎద్దును పొడిచినట్టు మందు ఇన్నేండ్లు పేగును ఉరికిచ్చింది, నీళ్లు పీల్చుకునే సందియ్యలే. లోపలి పొర గీరుకపోయింది, పేగుల ఉండే మంచి సూక్ష్మజీవులు ఆగమయినయి. అదంతా కుదురుకోను వారాలు పడుతది, నా అసోంటోనికి నెలలు. క్యాన్సరే అనుకున్న. గొట్టమేసి చూసి ఏం లేదన్నరు. ఐబీఎస్ అన్నరు, అంటే పేగుల పుండు, గడ్డ ఏదీ లేకున్నా పేగు ఊకె కోపం చేసే జబ్బు. పేగుకు, మెదడుకు నడుమ వేగస్ అనే నరం ఉన్నదట, మనిషికి బుగులు పుడితే పేగు ముందు ఉలిక్కిపడుతదట. మానినంక నాకు బుగులు తప్ప ఇంకేమున్నది!

అప్పుడొచ్చిండు ఒక దోస్తు. "ఒక్క క్వార్టర్ ఏస్కో, కడుపు సర్దుకుంటది" అన్నడు. ప్రేమతోనే అన్నడు. ఆ ఒక్క మాటతోని మళ్ల దుకాణం మెట్లెక్కినోళ్లను ముగ్గురిని చూసిన. నీ కథకు దుర్మార్గుడు కావాల్నంటే ఆ దోస్తును పెట్టు.

ఆ యేడే నా కథకొక బహుమతి వచ్చింది. ఇస్త్రీ అంగి ఏసుకొని హైదరాబాద్ బస్సెక్కిన. నార్కట్‌పల్లి దాటిందో లేదో కడుపుల మెలి. చౌటుప్పల్ కాడ కండక్టర్‌ను బతిమాలి దిగిన. నేను వచ్చేసరికి బస్సు లేదు, దాంట్లున్న నా సంచీ లేదు. సభ అయిపోయినంక పోయి, కుర్చీలు మడతపెడుతున్న పిల్లగాని తోని శాలువా అడిగి తెచ్చుకున్న. ఇదంతా కథ రాసి ఒక పత్రికకు పంపితే, ఆ ఎడిటర్ మహానుభావుడు 'దొడ్డికి ఉరికిన' అన్న మాట కొట్టేసి 'కాలకృత్యాలు తీర్చుకొనుటకు వెళ్లితిని' అని అచ్చేసిండు. కాలమే లేకుంట వచ్చే రోగానికి కాలకృత్యమట! ఆ పత్రిక మూతబడ్డది, నా కోపం ఇంకా నడుస్తనే ఉన్నది.

నాకు రాసుడు నేర్పింది ఎడిటర్లు కాదు, ఆ డాక్టర్. ఒక నోట్‌బుక్ పెట్టుమన్నడు. తిన్నది, తాగింది, పోయింది, నొప్పి, అన్నీ టైముతోని రాయాలె. 'పొద్దున 5:40 చాయ్. 5:55 ఉరుకుడు. నీళ్ల లెక్క. బొడ్డు కింద మెలి, పోయినంక తగ్గింది.' మూడు వారాలు రాసిన. మందు బదులు రోజుకు పదకొండు చాయ్‌లు తాగుతున్ననని అప్పటిదాంక నాకే తెల్వదు. ఉల్లిగడ్డ మిర్చి తిన్న రోజు రాత్రి ఏం జరిగిందో రాసుంటది. చాయ్ మూడుకు దించిన, పాలు తగ్గించిన, ఇసబ్గోల్ నిండ గిలాసెడు నీళ్లతోని పట్టిన. జొన్నగటక పడ్డది, శనగపప్పు పడలే. నీ కడుపుకు ఏది పడుతదో నీ నోట్‌బుక్కే చెప్పాలె. కథ ఎట్ల రాయాలని అడిగినవు గద, గట్ల రాయాలె. టైము, తిన్నది, అయింది. ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం.

ఇగ మూడో పేజీ. 'రాత్రి రెండు గంటలకు నాయిన లేచేపాటికి అమ్మ చెంబు నింపి గడప పక్కన పెట్టేది.' ఈ ఒక్క లైను రాసి, దాటేసి, మళ్ల చెరువు కట్ట మీదికి పోయినవు. ఎందుకు పోయినవు బిడ్డా? కథ ఆ చెంబు కాడనే ఉన్నది. ఇరవయ్యేండ్లు తాగొచ్చి కొట్టిన మొగనికి ఆమె అడగకుంట నీళ్లు పెడుతున్నది. చెంబు ఇత్తడిదా, ప్లాస్టిక్‌దా? తలుపు గొళ్లెం చప్పుడు కాకుండ ముందే తీసి పెడుతదా? నువ్వు పండుకున్న కాడి నుంచి ఏం వినబడుతది?

ఆ లైను మళ్ల మళ్ల చదివినంక ఇంకొకటి తట్టింది. నిద్రలకెల్లి లేపే విరేచనం ఉత్త పేగుల కోపం కాకపోవచ్చునని నా డాక్టర్ అప్పట్లనే చెప్పిండు. రక్తం పడ్డా, నల్లగ అయినా, జిడ్డుగ నీళ్ల మీద తేలినా, మనిషి చిక్కిపోతున్నా, ఐబీఎస్ అనుకొని ఊకోవద్దన్నడు. కాలేయం, క్లోమం గూడ చూపియ్యాలన్నడు. రెండో పేజీల నాయిన అంగి వదులయిందని గూడ రాసినవు.

ఇది కథనా, మీ ఇంటి ముచ్చటనా అని నేనడుగ. పాలమూరు పెద్దాస్పత్రికి పొద్దున్నే బస్సుంటది. ఓపీ తొందరగ నిండుతది, కొంచెం ముందే పోండ్రి. దారిల ఎక్కడ దిగొచ్చునో కండక్టర్‌కు ఎక్కంగనే చెప్పు, సిగ్గుపడకు.

కథ తిరగరాసుడు ఆగుతది. డాక్టర్ ఏమన్నడో ముందు ఒక కార్డు ముక్క రాయి.